పాత బొమ్మలో ఆవులను నమ్మండి, ఎత్తులను అనుమానించండి

(పాత అచ్చు చిత్రాల మీద పాఠకుల ప్రశ్నలకు, బెంగళూరు సుల్తాన్‌పేటలో బ్లాక్ మేకర్‌గా (బొమ్మలు అచ్చువేసే లోహపు రేకులు చేసే పనిలో) పనిచేసి రిటైరైన మా శీర్షిక రచయిత జవాబులు.)

ప్రశ్న: నమస్కారమండీ. మా అల్లుడు ఆఫీసు పని మీద రోమ్ వెళ్లి, అక్కడ పాత కాగితాలమ్మే షాపులో ఒక పెద్ద బొమ్మ కొని తెచ్చాడు. పిరనేసి అనే ఆయన 1700లలో చెక్కిందట. పేరు ‘కాంపో వాచ్చీనో’. ఎడమ చేతి వైపు పెద్ద రాతి కమాను, సగం మట్టిలో కూరుకుపోయి ఉంది. మరోచోట పైన కాస్త రాతి దూలం తప్ప ఇంకేమీ మిగలని మూడు స్తంభాలు. మధ్యలో చెట్ల వరసలు, చివర్లో కొలోసియం. మైదానం నిండా పశువులు, బండ్లు, పనీపాటా లేకుండా చేతులూపుతున్న మనుషులు. అల్లుడు అదే చోట తను తీసిన ఫోటోలు చూపించాడు. వాటిలో ఆవుల్లేవు, చెట్ల వరసల్లేవు, కమాను మొత్తం పైకే ఉంది. మా ఆయన ‘ఆర్టిస్టు ఇంట్లో కూర్చుని ఊహించి గీసుంటాడు’ అని తేల్చేశారు. నాకు అలా అనిపించడం లేదు. ఈ బొమ్మను ఎలా చదవాలి?
— ఒక పాఠకురాలు, మల్లేశ్వరం

జవాబు: అమ్మా, ఆవులు నిజం. ముందు ఆ మాట మీవారికి చెప్పేయండి, మిగతాది తర్వాత చూద్దాం.

మీ బొమ్మలో ఉన్నది రోమన్ ఫోరమ్. ఒకప్పుడు ఆ మహాసామ్రాజ్యానికి నడిబొడ్డు. సామ్రాజ్యం పోయాక దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. టైబర్ నది వరదలు మట్టి తెచ్చిపోశాయి, కూలిన కట్టడాల రాళ్లూ చెత్తా దాని మీద పేరుకున్నాయి. పాలరాయిని పెకలించి, బట్టీల్లో కాల్చి సున్నం చేసుకున్నారు. వందల ఏళ్లకు ఆ పల్లం మొత్తం పూడి మైదానమైంది. అందులో పశువులు మేశాయి, పశువుల సంత జరిగింది. అందుకే జనం దాన్ని ఆవుల మైదానం అని పిలిచారు. మీ బొమ్మకున్న పేరు అదే. పిరనేసి సొంతంగా పెట్టింది కాదు.

ఇంకా గట్టి సాక్ష్యం కావాలంటే ఆ మూడు స్తంభాల దగ్గర వెతకండి. అక్కడ ఆ రోజుల్లో గుండ్రటి పెద్ద గ్రానైట్ తొట్టి ఉండేది, పశువులు నీళ్లు తాగేది. 1818లో దాన్ని ఎత్తుకెళ్లి క్విరినాలె కొండ మీద, గుర్రాల విగ్రహాల మధ్య ఫౌంటెన్‌గా పెట్టారు. ఈ రోజుకీ అక్కడే ఉంది. మీ అల్లుడు మళ్లీ రోమ్ వెళ్తే ఫోటో తీసుకురమ్మనండి. పశువులు మూతిపెట్టిన తొట్టి ముందు ఇప్పుడు అధ్యక్ష భవనం ఉంది. రాళ్ల జాతకాలు ఇలాగే ఉంటాయి.

కమాను సగం పూడి ఉండటం కూడా నిజమే. అది చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్ విజయాలకు గుర్తుగా క్రీ.శ. 203లో కట్టింది. పెద్ద కమానుకు రెండు పక్కలా రెండు చిన్న కమానులున్నాయి. పిరనేసి కాలానికి ఆ చిన్నవి చాలావరకు మట్టిలోనే ఉన్నాయి. 1803లో కార్లో ఫేయా అనే పురావస్తు అధికారి దాని చుట్టూ తవ్వించాకే కాళ్లు బయటపడ్డాయి. ఆ తర్వాత వందేళ్లు ఫోరమ్ అంతా తవ్వుతూనే వచ్చారు. చెట్ల వరసలు ఆ తవ్వకాల్లోనే పోయాయి. అంటే మీ అల్లుడి ఫోటోకూ మీ బొమ్మకూ మధ్య తేడా ఊహ తెచ్చింది కాదు, పలుగూ పారా తెచ్చింది.

అలాగని బొమ్మంతా అక్షరాలా నిజమని నేననను. పిరనేసి 1720లో వెనిస్ దగ్గర పుట్టాడు. చదివింది భవన నిర్మాణం. జీవితాంతం బొమ్మల కింద ‘వెనిస్ వాస్తుశిల్పి’ అని సంతకం పెట్టుకున్నాడు గానీ, ఆయన చేత కట్టించినది రోమ్‌లో ఒక్క చర్చే, అదీ 1760లలో. నాటకాల తెరల పనీ నేర్చాడు. రోమ్ వచ్చి రాగి రేకు మీద చెక్కడం నేర్చుకుని, రోమ్ దృశ్యాలు ఒక్కోటిగా వేసి అమ్ముకున్నాడు. 1778లో చనిపోయేనాటికి ఈ వరసలో 135 రేకులయ్యాయి. కొన్నవాళ్లెవరు? ఎక్కువగా చదువు ముగించుకుని ఇటలీ చూడ్డానికొచ్చిన ఇంగ్లండు జమీందార్ల పిల్లలు, వాళ్ల గురువులు.

పాత బొమ్మ చూసినప్పుడు నేను మొదట వేసుకునే ప్రశ్న ఇదే: దీన్ని కొన్నదెవరు? కొన్నవాడు పట్టుకోగలిగిన అబద్ధం అమ్మేవాడు చెప్పడు. రోమ్ వచ్చిన కుర్రాడు ఫోరమ్‌లో తిరిగి, సాయంత్రం పిరనేసి దుకాణానికి వెళ్తాడు. కమాను కుడివైపుకి మార్చి గీస్తే అక్కడే దొరికిపోతాడు. ఆవుల్లేని చోట ఆవుల్ని పెట్టినా దొరుకుతాడు, పేడ తొక్కుకుంటూ వచ్చినవాడికి తెలీదా! కానీ కమాను ఎంత ఎత్తు అన్నది ఎవరూ టేపు పెట్టి కొలవరు. ఇంటికెళ్లాక ఎలాగూ నిజం కంటే పెద్దదిగానే గుర్తుంటుంది. అబద్ధానికి జాగా అక్కడ దొరుకుతుంది. పిరనేసి ఆ జాగాను వదల్లేదు.

ఎలా చేశాడో చూడండి. మనుషుల్ని కుదిస్తాడు. మనిషి చిన్నదైతే పక్కన రాయి దానంతటదే పెద్దదవుతుంది. ఈ కిటుకు మీరే పరీక్షించుకోవచ్చు. కమాను పూర్తి ఎత్తు సుమారు 21 మీటర్లు. సగం పూడిందనుకుంటే పైన పదిన్నర, మూడో వంతే పూడిందనుకుంటే పద్నాలుగు. కమాను పక్కనే, దానికి ఆనుకుని ఉన్న మనిషిని ఎంచుకోండి. ముందు వరసలో ఉన్నవాడు పనికిరాడు. పెన్సిల్ బొమ్మకు తగలకుండా పైన పట్టుకుని ఆ మనిషి ఎత్తు గుర్తుపెట్టుకుని, కమాను ఎన్నింతలుందో లెక్కపెట్టండి. ఆరు నుంచి తొమ్మిది లోపు వస్తే న్యాయంగా గీశాడు. అది దాటితే మనిషికి అన్యాయం చేశాడు. జాన్ ఫ్లాక్స్‌మన్ అనే ఇంగ్లీషు శిల్పి 1787లో రోమ్ చేరి, పిరనేసి బొమ్మల్లో చూసినంత గొప్పగా శిథిలాలు లేవే అని నిరాశపడ్డాడు. ఆయన దగ్గర పెన్సిల్ లేక కాదు, లెక్కపెట్టాలని తోచలేదు.

ఇక చేతులూపే మనుషులు. వాళ్లని నేను నమ్మను. పిరనేసి బొమ్మలు నాలుగైదు వరసగా చూస్తే తెలుస్తుంది, అదే చిరుగుల బట్ట, అదే కర్ర, అదే చాచిన చెయ్యి. రోమ్‌లోని పాత గుడి పాంథియన్ ముందు చూపించిన చెయ్యే కొలోసియం ముందూ చూపిస్తుంది. ఇది తెరల పని నేర్చినవాడి అలవాటు. ‘ఇటు చూడండి’ అని మనకు చెప్పడానికి పెట్టిన మనుషులు. అప్పటి రోమ్‌లో బీదవాళ్లు ఎలా ఉండేవారో తెలుసుకోవడానికి వీళ్లని సాక్ష్యంగా తీసుకోకండి.

బొమ్మ అడుగున చిన్న అంకెలో అక్షరాలో, వాటి ఎదురుగా కట్టడాల పేర్లూ ఉంటే అవి చదివించుకోండి. చాలామంది దాటేస్తారు గానీ నాకు అక్కడే బాగా నచ్చుతుంది. ఆ మూడు స్తంభాలను ఇప్పుడు కాస్టర్, పోలక్స్ అనే జంట దేవతల గుడివి అంటున్నాం. పిరనేసి కాలంలో వాటిని జూపిటర్ గుడి అనేవారు. ఫోరమ్ పక్కనున్న కాపిటోల్ కొండ పాదంలో ఇంకో మూడు స్తంభాలున్నాయి, అవి వెస్పేషియన్ చక్రవర్తి గుడివి. వాటినీ జూపిటర్ ఖాతాలోనే వేశారు, కాకపోతే ఉరుముల జూపిటర్. ఒంటిగా నిలబడ్డ స్తంభం ఒకటుంది. అదెవరిదో అప్పుడు ఎవరికీ తెలియదు. 1813లో అడుగు తవ్వితే శాసనం బయటపడి, ఫోకస్ అనే చక్రవర్తిదని తేలింది. కాబట్టి పేరు తప్పుగా ఉందని బొమ్మ తప్పనకండి. గీసినవాడి కన్ను ఒకటి, ఆ కాలం చదువు ఇంకొకటి. రెంటికీ వేరువేరుగా మార్కులెయ్యాలి. నా లెక్కలో కంటికి నూటికి తొంభై.

నా పని కాబట్టి ఒక్క మాట అదనంగా. నేను చేసింది జింకు బ్లాకులు, ఆయనది రాగి రేకు. కానీ యాసిడ్ ఎవరికైనా యాసిడ్డే. రేకు మీద మైనం పూత పూసి, సూదితో గీతలు గీసి, యాసిడ్‌లో ముంచితే పూత లేచిన చోట మాత్రం తింటుంది. గీత లోతుగా తింటే అచ్చులో నల్లగా వస్తుంది. దూరపు కొలోసియం గీతలు చూడండి, వెంట్రుకలా సన్నగా, బూడిద రంగులో ఉంటాయి. ముందున్న రాళ్ల గీతలు చూడండి, లావుగా కాటుక పెట్టినట్టు ఉంటాయి. దూరంవి ముందే ఆపి, వాటి మీద వార్నిష్ కప్పి, దగ్గరివాటిని మళ్లీ మళ్లీ యాసిడ్‌లో పెట్టాడన్నమాట. మా లైను బ్లాకు దీనికి తలకిందులు: గీత పైకి మిగలాలి, చుట్టూ ఉన్నది యాసిడ్ తినాలి. అందుకే మా షాపులో గీతల పక్కలు తినకుండా డ్రాగన్స్ బ్లడ్ అనే ఎర్ర పొడి అద్ది, వేడి చేసి, మళ్లీ ముంచేవాళ్లం. క్షణం ఆలస్యమైతే గీతే మిగలదు. ఆ భయం తెలిసినవాణ్ణి కాబట్టి, ఆ ముందు వరస రాళ్లు చూస్తే ఇప్పటికీ నాకు టెన్షన్‌గానే ఉంటుంది.

రేకు మీద అంతా తిరగేసి గీయాలి, అక్షరాలతో సహా. అజాగ్రత్తగా చేస్తే ఊరే అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. కాపిటోల్ కొండ మీద నిలబడి కొలోసియం వైపు చూస్తే సెవెరస్ కమాను ఎడమ చేతికే వస్తుంది. మీ బొమ్మలో ఎడమకే ఉందన్నారు. ఆ పరీక్ష పాసయ్యాడు.

ప్రశ్న: మన బెంగళూరు కోటకు కూడా పద్దెనిమిదో శతాబ్దపు బొమ్మలున్నాయని విన్నాను. వాటిని చూసి అప్పటి కోట ఇలా ఉండేదని చెప్పొచ్చా? మా తాతల నుంచి చిక్కపేటలో వ్యాపారం. రోజూ మార్కెట్ మీదుగా వెళ్తాను గానీ కోటలో మిగిలిందంటూ ఒక గేటే కనిపిస్తుంది.
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఉన్నాయండీ. కాకపోతే ఇక్కడ కొన్నవాళ్లు వేరు, కాబట్టి చదివే పద్ధతీ తిరగబడుతుంది.

కెంపెగౌడ 1537లో కట్టిన మట్టికోటను 1761లో హైదర్ అలీ రాతితో కట్టించాడు. కోట ప్రాకారం సుమారు మైలు, చుట్టూ కందకం. కోటకు ఉత్తరాన పేట, అంటే మీ చిక్కపేట, అవెన్యూ రోడ్డు ఉన్న చోటు. టిప్పు మీద యుద్ధానికి వచ్చిన ఇంగ్లీషు గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ సేన 1791 మార్చి 7న పేటను, మార్చి 21 రాత్రి కోటను పట్టుకుంది. కోటను కాపాడుతూ కిల్లేదారు (కోట అధికారి) బహదూర్ ఖాన్ చనిపోయాడు. మీరు చూస్తున్నది ఢిల్లీ గేటు. గోడ ఎక్కడ పగిలిందో చెప్పే రాతిపలక ఇప్పటికీ అక్కడుంది. ఈసారి స్కూటర్ ఆపి చదవండి.

ఆ సేన వెంట బొమ్మలేసేవాళ్లు వచ్చారు. రాబర్ట్ హోమ్ అనే చిత్రకారుడు 1791లో మద్రాసులో దిగి, అనుమతి తీసుకుని సేనతో నడిచాడు. ఆయన మైసూరు దృశ్యాలు 1794లో లండన్‌లో పుస్తకంగా వచ్చాయి. సైనికాధికారులు కోల్‌బ్రూక్, అలన్ కూడా దాదాపు అప్పుడే అచ్చు వేయించారు. ఫిరంగిదళంలోని జేమ్స్ హంటర్ ఢిల్లీ గేట్లను, టిప్పు ప్యాలెస్‌ను గీశాడు. ఆయన చనిపోయిన చాలా ఏళ్లకు, 1804, 1805 ప్రాంతంలో ఎడ్వర్డ్ ఓర్మ్ వాటిని లండన్‌లో అచ్చు వేశాడు.

వీటిని కొన్నది ఆ యుద్ధంలో పాల్గొన్న అధికారులు, వాళ్ల బంధువులు. గోడ మీద బురుజు ఎక్కడుంది, కందకం ఎంత వెడల్పు, గేటు ఎన్ని మలుపులు తిరుగుతుంది, ఇవన్నీ ప్రాణాలకు తెగించి చూసొచ్చినవాళ్లు. అక్కడ తప్పు గీస్తే డబ్బు వాపసు అడుగుతారు! కాబట్టి రాతికట్టడం వరకు వీటిని బాగానే నమ్మొచ్చు. పిరనేసిలో అనుమానించిన చోటే ఇక్కడ నమ్మకం పెట్టుకోవాలి. చెట్లు, ముందు నిలబెట్టిన మనుషులు, వాళ్ల తలపాగాలు, ఆకాశం రంగు మాత్రం వేరు కథ. ముఖ్యంగా హంటర్ బొమ్మల్లో. రేకు మీదికి ఎక్కించేటప్పుడు ‘అయ్యా, మా ఊళ్లో చెట్టు ఇలా ఉండదు’ అని చెప్పడానికి గీసినవాడే లేడు.

హోమ్ వేసిన పెద్ద తైలవర్ణ చిత్రం ఒకటుంది, పేట గేటు దగ్గర కర్నల్ మూర్‌హౌస్ మరణం. వాలిపోతున్న అధికారి, పట్టుకున్న తోటివాళ్లు. కెనడాలో చనిపోయిన జనరల్ వుల్ఫ్‌ని బెంజమిన్ వెస్ట్ 1770లో అలా చిత్రించి పేరు తెచ్చుకున్నాక, యుద్ధంలో పోయిన ప్రతి అధికారీ బొమ్మలో అలాగే పోవడం మొదలుపెట్టాడు. దాన్ని సాక్ష్యంగా కాక, నివాళిగా చూడండి. పేట జనం ఎంతమంది పోయారో ఆ బొమ్మ అడగదు.

బొమ్మ కింద ఉన్న తేదీ కూడా జాగ్రత్తగా చూడాలి. ఇంగ్లండులో 1735 నాటి చట్టం ప్రకారం, హక్కులు కావాలంటే ప్రచురించిన తేదీ, హక్కుదారు పేరు రేకు మీదే చెక్కాలి. అది అచ్చు తేదీ, గీసిన తేదీ కాదు. బెంగళూరు విషయంలో ఈ తేడా చిన్నది కాదు. 1792 సంధిలో కోట టిప్పుకి తిరిగి దక్కింది, ఆయన దాన్ని పడగొట్టించాడు, తర్వాత దివాన్ పూర్ణయ్య కాలంలో బాగుచేశారు. ‘1804’ అని చదివి, 1804లో కోట ఇలా ఉండేదని మీరు రాస్తే పన్నెండేళ్ల చరిత్ర గల్లంతవుతుంది.

టిప్పు ప్యాలెస్ మాత్రం ఇంకా ఉంది కాబట్టి పని సులువు. 1781లో హైదర్ మొదలుపెట్టాడు, 1791లో టిప్పు కాలంలో పూర్తయింది, అంటే కోట పడిన ఏడాదే. టేకు స్తంభాలు, వంకీల కమానులు, మేడ మీద జరోకాలు అన్నీ ఈ రోజుకీ చూడొచ్చు. ఫోన్‌లో బొమ్మ పెట్టుకుని, స్తంభాలు లెక్కపెడుతూ నిలబడండి. టికెట్ డబ్బులకు ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ‘1791లో తీసిన టిప్పు ప్యాలెస్ అరుదైన ఫోటో’ వచ్చింది. నిజమేనా?
— వైట్‌ఫీల్డ్ నుంచి ఒకరు

జవాబు: ఫోటో తీసే విద్య లోకానికి తెలిసింది 1839లో. టిప్పు 1799లో పోయాడు. బొమ్మ పాతదే అయ్యుండొచ్చు, ఆ వాక్యం మాత్రం ఈ మధ్య పుట్టింది.

ప్రశ్న: మళ్లీ మల్లేశ్వరం నుంచే రాస్తున్నాను. మా బొమ్మ అసలుదా, నకలా? ఫ్రేమ్ కట్టించాలనుకుంటున్నాం. ఫ్రేమ్ షాపాయన లామినేషన్ చేస్తే వందేళ్లుంటుంది అంటున్నాడు.
— అదే పాఠకురాలు

జవాబు: అమ్మా, లామినేషన్ వద్దే వద్దు. ముందు భూతద్దంతో చూడండి. గీత చుక్కలు చుక్కలుగా విడిపోయి కనిపిస్తే మా బ్లాకు షాపు సంతానమో, ఆఫ్‌సెట్ ముద్రణో. విడిపోకుండా ఏకధాటిగా, సిరా కాస్త ఉబ్బెత్తుగా ఉంటే రేకు నుంచి తీసిన అచ్చు. కాగితాన్ని వెలుతురుకి వాలుగా పట్టుకుంటే బొమ్మ చుట్టూ రేకు అంచు నొక్కిన పల్లం కనబడాలి. మడతలాంటి ఆ గీతను ఫ్రేమ్ షాపులో కత్తిరించేస్తుంటారు. కత్తిరించనివ్వకండి.

‘అసలు’ అన్న మాట పిరనేసి విషయంలో కొంచెం సాగుతుంది. ఆయన పోయాక కొడుకులు ఆ రేకుల్ని 1799లో పారిస్ తీసుకెళ్లి అచ్చు వేశారు. తర్వాత పోప్ ప్రభుత్వం కొని రోమ్‌కి తెచ్చింది, అక్కడా అచ్చులు తీశారు. అన్నీ ఆయన చెక్కిన రేకుల నుంచి వచ్చినవే. కాకపోతే తొలి అచ్చుల్లో సన్నగీతలు పదునుగా ఉంటాయి. రేకు అరిగినకొద్దీ దూరపు కొలోసియం మసకబారుతుంది, ముందున్న నలుపు మాత్రం మొండిగా నిలుస్తుంది. కొన్ని తొలి అచ్చుల్లో అడుగున పిరనేసి దుకాణం చిరునామా, ‘రెండున్నర పావోలి’ అని ధర కూడా ఉంటాయి. పావోలి అంటే అప్పటి రోమ్ వెండి నాణెం. పారిస్ అచ్చుల్లో పైమూలన అదనంగా అంకెలు చేరాయి.

ఫ్రేమ్‌కి ఆమ్లం లేని మౌంట్ బోర్డు అడగండి. ఫెవికాల్, సెల్లోటేప్ తగలనివ్వకండి. అద్దానికీ కాగితానికీ మధ్య సందు ఉండాలి, లేకపోతే మన ఊరి వానాకాలంలో బూజు పడుతుంది. ఎండ పడే గోడ వద్దు. బొమ్మను నాకు పోస్టులో పంపకండి. నాలుగు మూలలూ, వెనక వైపూ, అడుగున ఉన్న రాతా దగ్గరగా ఫోటోలు తీసి పత్రిక చిరునామాకు పంపితే చాలు. కమాను పక్కనున్న మనిషి లెక్క ఎంతొచ్చిందో కూడా రాయండి.